గంటకు మిల్లీమీటర్లు

చండూరు బస్టాండు ఎనక
జిరాక్సు దుకాణం మీది అంతస్తుల నా ల్యాబు.
ఒక బెంచీ, ఒక ఫ్యాను,
సన్నటి గాజు గొట్టాలు నిలబెట్టే స్టాండు.

ఈదమ్మ మొదటి బస్సుకొచ్చింది,
కొంగుకు బత్తాయి ఆకుల వాసన.
సూది కోసం చెయ్యి చాపి పిడికిలి బిగించమంటే
చెయ్యి వచ్చింది గని పిడికిలి రాలేదు.
"నీళ్లు సారూ" అన్నది, నేనడగకముందే.
"మా ఊరి నీళ్లు. మా అమ్మ గిట్లనే వంగిపోయింది.
నసీమా మేడం రాసిచ్చింది గని
నీళ్లకు రక్త పరీక్ష ఎందుకు?"

నేను మాట్లాడలేదు.
నా పండ్ల మీద గూడ ఆ నీళ్ల సంతకమే.
నవ్వితే కనబడుతదని
తక్కువ నవ్వుత.

రక్తం తీసి, మందు కలిపి,
రెండు వందల గీతలున్న గొట్టంల నింపి
నిలువుగ నిలబెట్టిన.
ఇగ గంటసేపు నాకు పని లేదు,
దానికే పని.

ఎర్ర కణాలు దిగుతయి.
ఒంట్ల నిమ్మళముంటే
కూలి దిగినోళ్ల లెక్క మెల్లగ, ఎవరి దారిన వాళ్లు.
ఎక్కడన్న మంటుంటే
ఆపతొచ్చిన ఇంటికాడ జనం మూగినట్టు
ఒకదానికొకటి అతుక్కొని
పైసల దొంతరలై, బరువై,
గబగబ కిందికి.

ఆమె బెంచీ మీద కూసొని గొట్టాన్నే చూస్తున్నది.
"పైన తేలింది బత్తాయి రసం తీర్గున్నది సారూ."
నిజమే.
ఇరువై ఏండ్లాయె ఈ పని పట్టి,
ఆ రంగుకు పేరు నాకు తోచలేదు.

ఈలోపు ఇంకో పరీక్ష.
నల్ల పలక మీద రక్తం తేట ఒక చుక్క,
తెల్లటి మందు ఒక చుక్క.
చాటల బియ్యం కదిపినట్టు
రెండు నిమిషాలు అటూ ఇటూ.
పాల లెక్కున్నది విరిగింది,
నూకలు నూకలుగ.

గంటయింది. ఎనభై నాలుగు.
ముప్పై దాటొద్దు.

నీళ్లు ఉంటే ఉండని ఈదమ్మా,
లోపల అగ్గి ఉన్నది.
ఎక్కడ రాజుకున్నదో ఈ గొట్టం చెప్పదు.
పొగను చూపుతది, పొయ్యిని చూపదు.
దానికి మేడం ఉన్నది,
పొద్దుగాల బిగుసుకొని
పగటాల్లకు సడలే నీ వేళ్లున్నయి.

"గంటకు ఎంత సారూ?"
"ఎనభై నాలుగు."
"అది కాదు, పైసలు."
"నూట అరువై."
"మా తోటల గంటకు గింత పడితే
ఈపాటికి నేనే తోట కొందును" అన్నది,
కొంగు ముడి పండ్లతోటి ఇప్పుకుంట.

వారానికొక్కసారి మింగే గోళీలు రాసింది మేడం.
మూడు నెలలకు, ముప్పై ఒకటి.
ఈసారి ముడి వేళ్లతోనే ఇప్పింది.
నేను చూసిన, చూడనట్టు.

ఆ వారమే
ఆడబిడ్డ సాలమ్మను తోలుకొచ్చింది.
మెడ తిరగదు, నడుము వంగదు.
పక్కకు చూడాలంటే మనిషే తిరగాలె.
"నాది అగ్గన్నవు గద సారూ,
దీనిది గూడ అగ్గే కావాలె, జర చూడు,"
మొక్కినంత పని చేసింది.

మళ్ల గంట.
ముగ్గురం గొట్టం ముందట.
కింద దేవరకొండ బస్సు హారను కొట్టి పోయింది.
ఎరుపు దిగీ దిగనట్టు దిగి ఆగింది.
పది.
నల్ల పలక మీద పాలు
పాల లెక్కనే ఉన్నయి.

రోజుకు యాభైసార్లు రాసే మాట ఒకటుంటది నాకు.
రాయనీకె పెన్ను ఎత్తిన.
సాలమ్మ తల తిప్పలేక
ఒళ్లంత నా దిక్కు తిప్పి అడిగింది,
"ఏమొచ్చింది సారూ?"

"నార్మల్" అన్న.

ఈదమ్మ మొఖం అటు తిప్పుకున్నది.
"అంటే మంచిదే గద?" అన్నది సాలమ్మ,
ఎటూ తిరగకుండ.